గొర్రె ముందర పడే రాయి

రామన్నపేట
2022 జులై 10

వదినకు పుష్ప దండాలు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని ముక్కు మీద వేలేసుకుంటావని తెలుసు. ఏం చేయమంటావు? మీ ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. అది పొద్దంతా మా అన్న జేబులో కూర్చుని గొర్రెల వెంట తిరుగుతుంది. పొద్దుగూకి ఇల్లు చేరాక ఆయన వాకిట్లో మంచమేసుకుని స్పీకర్ పెడితే, నేను ఇక్కడ తుమ్మినా మీ వాడకట్టంతా వింటుంది. ఇప్పుడు నేను చెప్పేది నీ ఒక్కదానికే. అన్నకు చదువు రాకపోవడం నాకు పనికొచ్చింది ఇన్నాళ్లకు.

రేణుక బాగుంది. పుట్టుకతోనే కాళ్లలో బలం లేని పిల్లను మీ ఊరి నుంచి పెద్దబడికి రోజూ ఎవరు మోస్తారని నువ్వు నా దగ్గర వదిలిపెట్టి రెండేళ్లు కావస్తోంది కదా. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద బడికి తనే పోతోంది. ఆ బండి తిప్పి తిప్పి దాని చేతులు ఎట్లయినాయో చూస్తే నువ్వు నమ్మవు. మొన్న మా ఆయనతో పంజా పట్టి ఓడించింది. ఆయన కావాలనే ఓడిపోయానన్నాడు. కాదు, నేను చూశాను.

అసలు సంగతికి వస్తున్నా. బడి వెనక వంట చేసే బిక్షమ్మక్క పాలకూర మడి వేసుకుంది. ఒకరోజు అందులో మేక దూరింది. పిల్లలంతా కేకలేసుకుంటూ ఉరికారు. రేణుక వరండాలో కూర్చున్న చోటి నుంచే ఒక మట్టిగడ్డ తీసి విసిరింది. అది సరిగ్గా మేక మూతి ముందు పడింది, మేక గిరుక్కున తిరిగి గోడ దూకింది. ఆటల సారు దశరథం అది చూశాడు. ఇంకోటి విసరమన్నాడట, ఇంకోటి విసిరిందట. మర్నాడే ఎక్కడి నుంచో ఒక ఈటె తెచ్చాడు.

కూర్చుని ఈటె విసిరే పోటీలు ఉంటాయట వదినా. కుర్చీని నేలకు కదలకుండా కట్టేస్తారు, పిల్లను కుర్చీకి బెల్టుతో కట్టేస్తారు. మిగిలిన పనంతా చేతిదే. నెల రోజులుగా బడి విడిచాక ఇదే పని. నీకు చెప్పకుండా మొదలుపెట్టాను, తిట్టదలిస్తే తిట్టు. మొన్న బడిలో గోడ మీద సినిమా కూడా వేశారు. కాలు లేని పిల్లవాడు పరుగు పందెంలో గెలుస్తాడు. టీచర్లంతా కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నీ బిడ్డ ఇంటికొచ్చి, "ఒక్క పాట అయిపోయేసరికి అంత నేర్సుకున్నడత్తా, నాకు నెల దినాలైనా రావట్లే" అని మూతి ముడిచింది.

అన్నకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఎందుకో నీకు తెలుసు.

నీ మరదలు
పుష్ప


మక్తల్
2022 ఆగస్టు 2

పుష్పకు వదిన నాగరాణి రాసేది ఏమనగా, నీకు భయం లేదు.

బిడ్డ చేతిలో కత్తులూ ఈటెలూ పెట్టి నాకు నెల తర్వాత చెప్తావా? ఆ ఈటె ఎవరికైనా తగిలితే? కుర్చీకి కట్టేయడం ఏమిటి, అది మేకపిల్లనా? ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగించుకున్నాను. రెండోసారి చదివాక కోపం కొంచెం దిగింది. పంజా పట్టి మీ ఆయనను ఓడించిందన్న దగ్గర నవ్వొచ్చింది. అది నిజమే అయ్యుంటుంది.

అన్నకు చెప్పొద్దు అన్నావు. ఎందుకో నాకు తెలుసు అన్నావు. నీకు సగమే తెలుసు. నీ పెళ్లయి పోయాక జరిగింది కాబట్టి మిగతా సగం నేను చెప్తా.

పిల్లకు అప్పుడు నాలుగేళ్లు. మీ అన్న దాన్ని భుజం మీద ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయాడు. కొబ్బరికాయ కొనబోతూ, దారి పక్కన గొంగడి పరిచి దాన్ని కూర్చోబెట్టాడు. తిరిగొచ్చేసరికి గొంగడి నిండా చిల్లర పైసలు. వచ్చేవాళ్లు పోయేవాళ్లు వేసిపోయారు. పిల్ల ఏమో నవ్వుకుంటూ, "నాయినా, పైసలు" అని చూపెట్టింది. ఆయన గొంగడి దులిపి, పిల్లను ఎత్తుకుని, దేవుని మొహం కూడా చూడకుండా ఇంటికొచ్చేశాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒక్కటే మాటన్నాడు. "నా బిడ్డను ఇంక నలుగుట్ల కూసోబెట్టేది లేదు."

అప్పటి నుంచి దాన్ని నలుగురిలోకి తీసుకుపోయింది లేదు, పెళ్లికీ లేదు, పండుగకూ లేదు. చదువుకు నీ దగ్గరికి పంపడానికి కూడా నేను ఎంత కొట్లాడానో గోడలకు తెలుసు. ఇప్పుడు మైదానం మధ్యలో కుర్చీ వేసి, దానికి పిల్లను కట్టేసి, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుందని చెబితే ఏమవుతుందో ఆలోచించు. మర్నాడే రామన్నపేటకు వచ్చి సంచీలో బట్టలు సర్దుకుని తీసుకొస్తాడు. బడి కూడా పోతుంది. అందుకే నోరు కట్టుకుంటున్నా. అన్నం పెట్టేటప్పుడు మాత్రం మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగుతోంది.

పిల్లకు గుడ్డు పెట్టు. ఎండలో ఎక్కువసేపు ఉంచకు. ఈటె కొసకు ఏమైనా చుట్టమని ఆ సారుకు చెప్పు.

నాగరాణి


రామన్నపేట
2022 అక్టోబర్ 18

వదినా,

ఈటె కొసకు ఏదో చుట్టమన్నావని సారుకు చెప్పాను. ఆయన నవ్వి, అట్లా చుడితే నేలలో గుచ్చుకోదమ్మా అన్నాడు. నీ పేరు చెప్పలేదులే.

జనవరిలో మహబూబ్‌నగర్ మైదానంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉందట. రేణుకను తీసుకుపోదామని సారు పట్టుదల. జట్టులో పేరు వస్తే అన్నకు చూపించి చెప్పొచ్చు, అప్పుడు కాదనలేడని నా ఆశ. కానీ వదినా, పిల్ల విసిరేది ఒక దగ్గరికి వచ్చి ఆగిపోతోంది. రోజూ అక్కడే పడుతుంది, గీత గీసినట్టు. చేతిలో బలం లేదా అంటే ఉంది. భుజం నొప్పా అంటే లేదంటుంది. సారుకు తల తిరిగిపోతోంది. చెయ్యి ఎత్తే పద్ధతి మార్చాడు, కుర్చీ ఎత్తు మార్చాడు, మళ్లీ అక్కడే.

నాకు మాత్రం ఒక అనుమానం. బడిలో అటెండర్ బాలస్వామి ఉన్నాడు. ఈటె పడ్డ చోట జెండా గుచ్చడం ఆయన పని, అందుకని ఎదురుగా పోయి నిలబడతాడు. పోయిన వారం ఆయన చుట్టాలింటికి పోయి రాలేదు. ఆ రోజు ఈటె ఎంత దూరం పోయిందో తెలుసా? సారు విజిల్ నోట్లోంచి జారింది. మర్నాడు బాలస్వామి వచ్చాడు, ఈటె మళ్లీ పాత చోటే. ఆయన కళ్లు మంచివి కావు వదినా. రెండుసార్లు ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. అసలు ఘాటే రాలేదు, అంత దిష్టి. బాలస్వామి మంచి మనిషే పాపం, పిల్లకు రోజూ నీళ్ల సీసా ఆయనే నింపి తెస్తాడు. అయినా కళ్లకు ఆయనేం చేస్తాడు?

రేణుక దిగులు పడుతోంది. "నాకు గింతే వస్తదేమో అత్తా" అంది నిన్న. ఆ మాటకు నాకు అన్నం పోలేదు.

పుష్ప


మక్తల్
2022 నవంబర్ 1

ఓ పుష్పా,

రామన్నపేట నీళ్లు తాగి, గొర్ల ఇంట్లో పుట్టిన సంగతే మరిచిపోయావా? బాలస్వామికి దిష్టి మిరపకాయలా! మిరపకాయలు ఊరికే కాల్చావు. ఆయన కళ్లది కాదు తప్పు, మనది.

నీకూ నాకూ మీ బాపు ఏం నేర్పాడు? మందను మళ్లించాలంటే రాయి ఎక్కడ వేయాలి? గొర్రె ముందర. మీద కాదు, దాటి కాదు. మీద పడితే కాలు విరుగుతుంది, సూడి గొర్రె అయితే కడుపు పోతుంది. ముందర పడితే బెదిరి తిరుగుతుంది. రేణుక మంద వెంట నడవలేదని మీ అన్న దాన్ని చేను గట్టున బండ మీద కూర్చోబెట్టి ఇదే నేర్పాడు. గొర్రె ఎంత దూరంలో ఉంటే రాయి అంత దూరం, దాని మూతి ముందర. పొరపాటున ఒక్క గొర్రెకు తగిలినా ఆ పూటంతా పిల్లతో మాట్లాడేవాడు కాదు. మాటలు పూర్తిగా రాకముందే నేర్చిన చేయి అది. ఎదురుగా ప్రాణం ఉందని కంటికి కనబడితే, ఏది చేతిలో ఉన్నా దాని ముందరే పడేస్తుంది. మీ బాలస్వామి దానికి ఒక గొర్రె, అంతే. ఆయనను పక్కకు పొమ్మని చూడు, నా మాట నిజమో కాదో తెలుస్తుంది.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికి చేయి రావట్లేదు.

నీ ఉత్తరం చదువుతూ మిరపకాయల దగ్గర పగలబడి నవ్వాను. మీ అన్న అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. ఏందని అడిగాడు. నవ్వు ఆపుకుని అబద్ధం ఆడడం నాకు చేతకాదు, ఎన్నడూ రాలేదు. మొత్తం చెప్పేశాను. ఈటె, కుర్చీ, బెల్టు, మహబూబ్‌నగర్, బాలస్వామి, అన్నీ. బాలస్వామి సంగతికైనా నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు. పళ్లెం జరిపి లేచాడు. చేయి కడుక్కునేటప్పుడు, "అందరు మోసమే చేసిండ్రు" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులాగా ఉంది.

నాగరాణి


రామన్నపేట
2022 డిసెంబర్ 12

వదినా,

నీ మాటే నిజం. బాలస్వామి పక్కకు జరిగాడు, ఈటె పోయింది. సారు నీ ఉత్తరంలోని ఆ ముక్క నాతో రెండుసార్లు చదివించుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. నన్ను ఇన్నాళ్లు గొర్రెను చేశారని బాలస్వామి అలిగాడు. టీ పోసి సముదాయించాను.

కానీ కష్టం తీరలేదు. పోటీలో కొలిచే అధికారి ఎదురుగా మైదానంలోనే నిలబడతాడట. ఆయనను పొమ్మనే హక్కు మనకు లేదు. అందుకని సారు బాలస్వామిని మళ్లీ ఎదురుగా నిలబెట్టి, ఆయనను దాటించి విసరమని నేర్పుతున్నాడు. ఆయనకు తగలదు, పక్కకు నిలబడ్డాడు, ఏం భయం లేదని అందరం చెప్పాం. బాలస్వామి కూడా చెప్పాడు. పిల్ల చేయి ఎత్తుతుంది, మనిషిని చూస్తుంది, చేయి మెత్తబడుతుంది. "మనిషి ఉన్నడత్తా. మనిషిని దాటిచ్చి ఎట్ల ఇసరాలె?" అంటుంది. తిట్టలేను. ఆ మాటలో తప్పేముంది?

అన్న ఏమంటున్నాడు? ఫోన్ చేస్తే పలుకుతున్నాడు కానీ గొర్రెల ముచ్చట తప్ప ఇంకోటి లేదు. స్పీకర్ కూడా పెట్టట్లేదు. నాకు అదే భయంగా ఉంది.

పుష్ప


మక్తల్
2023 జనవరి 11

పుష్పా,

ఇది నీకు అందేసరికి ఆలస్యమవుతుందేమో, అయినా రాస్తున్నా. మీ అన్న ఆదివారం పొద్దున నేరుగా మహబూబ్‌నగర్ మైదానానికే వస్తున్నాడు. చూడడానికి కాదు, పిల్లను తీసుకురావడానికి. పెద్ద సంచి ఖాళీ చేసి దులిపి దండెం మీద వేసుకున్నాడు. నేనూ వస్తానంటే మందను ఎవరు చూస్తారన్నాడు.

ఎంత చెప్పాలో అంత చెప్పాను. ఏడ్చి కూడా చెప్పాను. ఒక్కటే మాట. "జాతరల నువ్వు లేవు. నేనున్న."

పిల్ల విసిరేదాకానైనా ఆగమని బతిమాలు. అది భయపడకుండా చూడు.

నాగరాణి


రామన్నపేట
2023 జనవరి 17

వదినా,

అన్న ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు. చేరినా ఏం చెప్పి ఉంటాడు? "అయింది" అని ఉంటాడు. అందుకే మొత్తం నేనే రాస్తున్నా, కూర్చుని చదువు.

నీ ఉత్తరం శనివారమే అందింది. రాత్రంతా అటు ఇటు దొర్లాను. రేణుకకు చెప్పలేదు. మైదానంలో ఎంతమంది పిల్లలో వదినా! చూపు లేనివాళ్లు, చేయి లేనివాళ్లు, మన రేణుక లాంటివాళ్లు. అందరి చేతుల్లో ఏదో ఒకటి, అందరి అమ్మలూ నాలాగే దేవుళ్లకు మొక్కుకుంటూ. నీ బిడ్డ మాత్రం పక్క పిల్లతో కలిసి జామకాయ పంచుకుని తింటోంది.

దాని వంతు వచ్చింది. కుర్చీకి కట్టారు. ఎదురుగా అధికారి జెండా పట్టుకుని నిలబడ్డాడు, లావుపాటి మనిషి. మొదటి ఈటె ఆయన ముందర పడింది. సారు నెత్తి పట్టుకున్నాడు. సినిమాలో అయితే ఇక్కడ పాట రావాలి. ఇక్కడ మైకులో ఎవరిదో మోటార్ సైకిల్ గేటుకు అడ్డం ఉంది, తీయమని పిలుస్తున్నారు.

అప్పుడు పక్కకు చూస్తే అన్న. భుజం మీద గొంగడి, చంకలో ఆ సంచి. ఎప్పుడొచ్చాడో తెలియదు. బెల్టులు విప్పి పిల్లను ఎత్తుకుపోతాడనే అనుకున్నా. చేయి పట్టుకుని, "అన్నా, నీ కాళ్లు మొక్కుత, అయిపోయేదాక ఆగు" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. పిల్లనే చూస్తున్నాడు. రెండో ఈటె విసిరింది. మళ్లీ ఆ అధికారి ముందరే, ఇంకా మెల్లగా.

"గాయన గాన్నే నిలబడ్తడా?" అని అడిగాడు అన్న.

అది ఆయన డ్యూటీ అన్నా, అన్నాను. వెంటనే వెనక్కి తిరిగి పోయాడు. ఆటో తేవడానికి పోయాడనుకున్నా వదినా, ఒట్టు. కళ్లలో నీళ్లు తిరిగి మైదానం కనబడలేదు. మూడోది ఎక్కడ పడిందో కూడా నేను చూడలేదు. సారు చప్పుడు చేయకపోవడంతో తెలిసింది.

తలెత్తేసరికి అన్న మైదానం చుట్టూ కట్టిన తాడు బయట నుంచి నడుచుకుంటూ పోతున్నాడు. మైదానమంతా చుట్టి, అవతలి గోడ దగ్గరికి, సరిగ్గా కుర్చీకి ఎదురుగా పోయి ఆగాడు. సంచి కింద పెట్టాడు. గొంగడి విప్పి నిండా కప్పుకున్నాడు, చేను చివర మందకు అడ్డం నిలబడినట్టే నిలబడ్డాడు. చేయి ఊపలేదు, కేక వేయలేదు. ఆ ఎండలో గొంగడి కప్పుకున్న మనిషి ఆ మైదానంలో ఇంకెవరుంటారు?

రేణుక చూసింది. దాని మొహంలో ఏం మారిందో చెప్పడం నాకు రాదు. చేయి బట్టలకు తుడుచుకుంది. అధికారి వైపు చూడనే లేదు. నాలుగో ఈటె ఎత్తి విసిరింది. ఆ లావుపాటాయన తల తిప్పి, తన పక్క నుంచి పోయే ఈటెను చూస్తూ, తర్వాత దాని వెనక ఉరికాడు. బడిలో ఎన్నడూ పోనంత దూరం పోయింది వదినా. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సారు నన్ను పట్టుకుని ఎగరబోయి, గుర్తొచ్చి ఆగి, మాతో వచ్చిన బాలస్వామిని పట్టుకుని ఎగిరాడు.

రెండో స్థానం. రాష్ట్ర జట్టులో పేరు చదివారు, ఇంటిపేరుతో సహా.

బెల్టులు విప్పుతూ, ఇన్నాళ్లూ లేనిది ఇవ్వాళ ఎట్లా పోయిందే అని అడిగాను. "నాయిన ముందర పడాల్నని ఇసిరిన. ఇంక శానా దూరం పోవాల్సుండె" అంది దిగులుగా. ఓడిపోయినట్టే అంది వదినా!

అన్న నడుచుకుంటూ వచ్చాడు. వచ్చి, పిల్ల మోకాళ్ల మీద ఉన్న మట్టి దులిపాడు. అంతే. కాసేపు దాని పక్కన కింద కూర్చున్నాడు. సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించి, సంచి చంకలో పెట్టుకుని తన బస్సుకు పోయాడు. సంచి ఎట్లా తెచ్చాడో అట్లాగే ఖాళీగా ఉంది.

ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు. తెలిస్తే వెంటనే రాయి.

పుష్ప


మక్తల్
2023 జనవరి 26

పుష్పా, నా తల్లీ,

నువ్వు చెప్పినట్టే, "అయింది" అన్నాడు. కానీ ఆ మాట కంటే ముందు నేను సంచి చూశాను. పొద్దుగూకినప్పటి నుంచి గడపలోనే నిలబడ్డాను. వీధి మలుపులో ఆయన ఒక్కడే వస్తున్నాడు, చంకలో సంచి మడిచి ఉంది. తలుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఏడ్చాను. ఇన్నాళ్ల నుంచి పట్టి ఉంచింది అంతా పోయింది. ఇప్పుడు నిద్ర పడుతోంది, ఆకలి కూడా వేస్తోంది.

నీ ఉత్తరం వచ్చాక నేనే చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా. నీ కాళ్లు మొక్కుతానన్న దగ్గర తల వంచుకున్నాడు. నాయిన ముందర పడాలని విసిరిన అని బిడ్డ అన్నచోట, మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. మూడోసారీ చదివాను.

తర్వాత అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"గంత మంది ఉండిరి. నలుగుట్ల కూసోబెట్టి కట్టిండ్రు నా బిడ్డను. ఒక్కలు పైస ఎయ్యలే. సప్పట్లు కొట్టిండ్రు."

ఇంకో గరిటె కూర వేశాను. పళ్లెం ఊడ్చి తిన్నాడు.

నిన్న పొద్దున మంద తోలుకుని గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. కర్ర మరిచాడేమో అనుకున్నా. కర్ర చేతిలోనే ఉంది. మళ్లీ పోటీ ఎన్నడో, ఏ ఊళ్లోనో పుష్పను అడుగు అన్నాడు. మందను నేను చూసుకుంటా, పోయిరా అన్నాను. ఈసారి నువ్వూ రావాలె, చెన్నయ్యకు అప్పజెప్పి పోదాం అన్నాడు. పక్క మంద చెన్నయ్యతో అప్పుడే మాట్లాడేశాడట, నాకు చెప్పకముందే! గొర్రెలు అప్పటికే రోడ్డెక్కాయి. ఆయన మాత్రం అక్కడే నిలబడి, కర్రతో నేల గీకుతూ, ఇంకో మాట అడిగాడు.

"ఇంకెంత దూరం పోయి నిలబడాల్నో గా సారును అడిగి రాయమను."

ఇప్పుడు ఫోన్‌లోనే చెప్పొచ్చు నువ్వు. స్పీకర్ పెట్టినా భయం లేదు, వాడకట్టంతా విననీ. కానీ ఉత్తరమే రాయి. నాతో చదివించుకుని వింటాడట. పొద్దున లేస్తే పోస్టు వచ్చిందా అని అడుగుతున్నాడు.

నీ వదిన
నాగరాణి